సింహం పిల్లకు పాలు పట్టడం సేవేనా?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. పొగాకు వేస్తాం. మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. వేసవి సెలవుల్లో నాలుగు వారాలు దక్షిణాఫ్రికా వెళ్లి వలంటీరుగా పనిచేస్తానంటోంది. పొద్దున సింహం పిల్లల సంరక్షణ, సాయంత్రం అక్కడి అనాథాశ్రమంలో పిల్లలకు చదువు చెప్పడం అట. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసింది. ఫీజు 2.80 లక్షలు, విమానం టికెట్టు వేరే. టూరిస్టు వీసా చాలని ఏజెంటు అంటున్నాడు. ఇది చేస్తే విదేశాల్లో పీజీ సీటు సులువుగా వస్తుందని అమ్మాయి నమ్మకం. నా దగ్గరున్న డబ్బు ఆ పీజీ కోసమని దాచిందే. వద్దంటే అన్నం మానేసి కూర్చుంటోంది. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: అయ్యా, ముందే సూటిగా చెప్పేస్తాను. ఈ ప్రోగ్రామ్‌కు పంపకండి. అయితే అమ్మాయి కోరికలో తప్పేమీ లేదు. జంతువుల కోసం పని చేయాలని, వేరే దేశం చూడాలని ఇరవై ఏళ్ల పిల్ల అనుకోవడం సంతోషించాల్సిన విషయం. కోరిక మంచిది, దొరికిన దారి చెడ్డది. మీ ఇంట్లో ఈ రెండూ కలిసిపోయి గొడవ జరుగుతోందని నాకనిపిస్తోంది. మీరు దారిని వద్దంటే, తన కోరికనే వద్దన్నారని ఆ పిల్ల బాధపడుతోంది.

సింహాల సంగతి చూద్దాం. అడవిలో సింహం కూన దాదాపు రెండేళ్లు తల్లిని అంటిపెట్టుకుని ఉంటుంది. వేట నేర్చుకునేది అప్పుడే. మరి ఏడాది పొడవునా, బ్యాచ్ తర్వాత బ్యాచ్ వలంటీర్లు వచ్చి పాలసీసా పట్టడానికి అన్ని కూనలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఈ ఒక్క ప్రశ్న మీ అమ్మాయిని అడగండి. జువాలజీ చదువుతోంది కాబట్టి జవాబు తనకే తడుతుంది.

దక్షిణాఫ్రికాలో ఇది పెద్ద వ్యాపారం. అక్కడ అడవిలో తిరిగే సింహాల కంటే కంచెల మధ్య పెంచే సింహాలే ఎక్కువ. కూన పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి వేరు చేస్తారు. పాలిచ్చే అవసరం లేకపోయేసరికి ఆడ సింహం త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది, మళ్లీ ఈనుతుంది. వచ్చిన వలంటీర్లకు మాత్రం ఇవి తల్లిలేని కూనలని చెబుతారు. కాస్త పెరిగాక వాటి పక్కన నడవడానికి పర్యాటకులకు టికెట్టు అమ్ముతారు. ఇంకా పెరిగి మనుషుల మధ్య ఉంచడం ప్రమాదమయ్యాక, చాలా వాటిని కంచె వేసిన జాగాలో వేటగాళ్లకు అమ్మారు, ఎముకలను ఆసియా దేశాలకు ఎగుమతి చేశారు. చేతుల మీద పెరిగి మనిషంటే భయం పోయిన సింహాన్ని అడవిలో వదలడం కుదరదు. అందుకే ఈ పెంపకం వల్ల అడవి సింహాలకు ఒరిగేదేమీ లేదు. ఆ దేశ ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ కూడా 2021లో బంధించి పెంచే సింహాల వ్యాపారాన్ని, కూనలను ముద్దు చేయించే పర్యాటకాన్ని ఆపేయాలనే సిఫారసు చేసింది.

అన్ని చోట్లా చివరికి వేటకే అమ్ముతారని నేను అనడం లేదు. కానీ కూనను ఒళ్లో పెట్టి ఫొటో దిగనిచ్చే చోటు సంరక్షణ కేంద్రం కాదని నిస్సంకోచంగా చెబుతాను. నిజమైన కేంద్రం జంతువులను ఈనించదు, కొనదు, అమ్మదు, వచ్చినవాళ్లను ముట్టుకోనివ్వదు. అడవి జంతువుల ఆశ్రయాలను ఇలాంటి షరతులతో తనిఖీ చేసి గుర్తింపునిచ్చే గ్లోబల్ ఫెడరేషన్ ఆఫ్ యానిమల్ శాంక్చురీస్ అనే సంస్థ ఉంది. ఏ పేరు విన్నా ముందు వాళ్ల జాబితాలో ఉందో లేదో చూడండి. గొరిల్లాలు, చింపాంజీల దగ్గరైతే నియమాలు మరీ గట్టిగా ఉంటాయి. మన జలుబు వాటి ప్రాణం తీయగలదు. అందుకే అడవిలో వాటిని చూడడానికి వెళ్లేవాళ్లు మాస్కు పెట్టుకుని, కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలని ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ చెబుతుంది. వలంటీరు అని చెప్పి చింపాంజీ పిల్లను చేతికిచ్చే చోట, అది చేస్తున్న మేలేమిటో ఆలోచించండి.

మన తీరం వాళ్లకు ఇంకా బాగా అర్థమయ్యే ఉదాహరణ తాబేళ్లది. శీతాకాలం చివర్లో కావలి, ఒంగోలు వైపు బీచ్‌లలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చి కొట్టుకొచ్చినవీ అదే రోజుల్లో కనిపిస్తాయి, జాలరులుండే పట్టపుపాలేల్లో ఎవరినడిగినా చెబుతారు. ఒక్కో గూట్లో సుమారు వంద గుడ్లు. కుక్కలు, నక్కలు తవ్వకముందే వాటిని తీసి, అటవీ శాఖ అనుమతితో కంచె వేసిన హేచరీలో మళ్లీ పూడుస్తారు. ఏడెనిమిది వారాలకు పిల్లలు పైకొస్తాయి. బయటపడ్డ మొదటి రోజు ఆ పిల్లలో ఒక ఉరుకు ఉంటుంది. పొట్టలో మిగిలిన గుడ్డు సొన బలంతో ఆగకుండా ఈది లోతు నీటికి చేరిపోతుంది. అందుకే పిల్లలను వెంటనే, చీకట్లోనే వదిలేయాలి.

శ్రీలంకలో పర్యాటకుల కోసం నడిచే కొన్ని హేచరీల్లో ఈ పిల్లలను రోజుల తరబడి తొట్లలో ఉంచుతారు. పగలు వచ్చినవాళ్ల అరచేతిలో పెట్టి ఫొటో తీస్తారు, తర్వాత తీరిగ్గా వదులుతారు. అప్పటికి ఆ ఉరుకు అయిపోయి ఉంటుంది. డబ్బు కట్టి వెళ్లిన వలంటీరు తాబేలును కాపాడానని నమ్ముతూ ఇంటికొస్తాడు. ఆ పిల్లవాడిలో చెడ్డతనం ఏమీ లేదు, అతనికి ఎవరూ చెప్పలేదంతే. మరోవైపు కోస్టారికాలో టోర్టుగెరో అనే తీరం ఉంది. అక్కడ 1950ల నుంచీ పచ్చ తాబేళ్ల మీద పరిశోధన ఆగకుండా సాగుతోంది. రాత్రంతా ఇసుకలో నడవాలి. ఎర్ర లైటు తప్ప మరో లైటు వేయకూడదు. కొలతలు రాయాలి, ట్యాగ్ నంబరు నోట్ చేయాలి. ఫొటోకు పనికొచ్చేది పెద్దగా ఏమీ దొరకదు. విదేశాల్లో మంచి ప్రాజెక్టుల పని సాధారణంగా ఇలాగే ఉంటుంది. కూరగాయలు తరగడం, బోను కడగడం, కలుపు మొక్కలు పీకడం, జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లో పడ్డ వేల ఫొటోలు కూర్చుని వేరు చేయడం. ప్రకటనలో ఈ చాకిరీ గురించి రాశారంటే నాకు కాస్త నమ్మకం కలుగుతుంది.

ఇక అనాథాశ్రమం. సింహాల కంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. నేపాల్, కంబోడియా లాంటి దేశాల్లో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువ మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ చాలాకాలంగా చెబుతోంది. వలంటీర్లు, విరాళాలు వస్తాయి కాబట్టి చదువు చెప్పిస్తామని ఆశపెట్టి పేదవాళ్ల ఇళ్ల నుంచి పిల్లలను తీసుకొచ్చిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చే ముందు జరిగిన పార్లమెంటు విచారణలో ఈ విషయం మీద ప్రత్యేకంగా చర్చ జరిగింది. ఇవేవీ లేని మంచి ఆశ్రమమే అనుకుందాం. అయినా నెలకో కొత్త అక్క వచ్చి, ముద్దు చేసి, అలవాటయ్యాక వెళ్లిపోతే ఆ పసిమనసు ఏమవుతుంది? కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఇలాగే పొరుగు దేశంలో మూడు వారాలు ఉండి వచ్చాడు. తిరిగొచ్చాక రెండు రోజులు మాట్లాడలేకపోయాడు. "సార్, నేను మొదటి రోజు ఏబీసీడీ మొదలుపెడితే పిల్లలు నవ్వారు. నా ముందు బ్యాచ్ కూడా అదే చెప్పిందట, దాని ముందుదీ అదే" అన్నాడు.

ముక్కూ మొహం తెలియని మనిషిని పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడగకుండా పిల్లల మధ్యకు పంపే సంస్థ ఏదైనా సరే, దాన్ని అక్కడితో వదిలేయండి. మీ అమ్మాయిని మీ ఊరి బడిలో ఎవరో విదేశీయుడు నాలుగు వారాలు వచ్చి చదివిస్తానంటే మీరు ఏమేం అడుగుతారో, వాళ్లూ అవన్నీ మనల్ని అడగాలి కదా.

వీసా గురించి ఏజెంటు మాట నమ్మొద్దు. జీతం లేని పనిని కూడా చాలా దేశాలు పనిగానే చూస్తాయి. నేపాల్‌లో టూరిస్టు వీసా మీద వలంటీరు పని నిషిద్ధం. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద రిజిస్టర్ అయిన చారిటీకి 30 రోజుల వరకు మాత్రమే పని చేయొచ్చు, అంతకు మించితే చారిటీ వర్కర్ వీసా కావాలి. ఎయిర్‌పోర్టులో అడిగితే టూరిస్టునని చెప్పమని ఎవరైనా అంటే అక్కడితో మాటలు ఆపేయండి. రేపు పీజీకి వీసా అడిగినప్పుడు ఆ అబద్ధం అమ్మాయికే చుట్టుకుంటుంది. కెన్యా, ఉగాండా లాంటి దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. మనకు దగ్గరగా చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఆ సర్టిఫికెట్ లేకుండా అక్కడి నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌కు పంపుతారు.

డబ్బు విషయంలో మీకు నేను చెప్పేదేముంది. వేలం కేంద్రంలో బేలు విప్పి చూడకుండా ఎవరూ ధర కట్టరు. ఇక్కడా అంతే. 2.80 లక్షల్లో ఏజెంటుకెంత, తిండికీ బసకూ ఎంత, నేరుగా ప్రాజెక్టుకు ఎంత అని రాతపూర్వకంగా అడగండి. ఫీజు తీసుకోవడమే మోసం అనుకోకండి, మంచి పరిశోధన కేంద్రాలు కూడా తిండి, బస ఖర్చులు తీసుకుంటాయి. లెక్క చూపిస్తారా లేదా అన్నదే ముఖ్యం. ఇంకొక ప్రశ్న కూడా అడగండి: ఈ పని వలంటీర్లు రాకపోతే ఎవరు చేస్తారు? జీతమిచ్చి స్థానికులతో చేయించే పనిని మన దగ్గర డబ్బు తీసుకుని మనతోనే చేయిస్తున్నారంటే అక్కడొకరి కూలి పోయినట్టే.

ఊళ్లో వాళ్లకున్న తెలివిని లెక్కచేయని ప్రాజెక్టు నిలవదు. వెలిగొండలకు అవతల, కడప జిల్లా లంకమల అడవుల్లో కలివికోడి మళ్లీ కనిపించిన కథ మీ అమ్మాయి చదివే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనుకున్న పక్షి అది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే 1986 జనవరిలో దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే స్థానికుడు. మార్కాపురం వైపు నల్లమలలో పులుల జాడ చెప్పే ట్రాకర్లలో, బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలో చెంచులు ఎంతోమంది. పరాయి దేశంలోనైనా ఐతన్నలాంటి మనిషి దగ్గర నేర్చుకోవడానికి వెళ్లాలి.

సీటు సంగతి: పీజీ ఎంపికలో కూనతో దిగిన ఫొటోకు విలువ లేదు. ఈ రంగం తెలిసిన ప్రొఫెసర్లకైతే అది చెడు గుర్తుగా కూడా కనిపిస్తుంది. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్) వైల్డ్‌లైఫ్‌లో ఎమ్మెస్సీ నడుపుతాయి. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఇంటర్వ్యూలో 'నువ్వు స్వయంగా ఏం గమనించావు' అన్న దగ్గర నిలబడగలగాలి. జువాలజీ డిగ్రీతో యూపీఎస్సీ ద్వారా ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు కూడా వెళ్లొచ్చు. మీరు దాచిన డబ్బు ఈ చదువులకు ఉంచండి.

ఇక్కడి నుంచి మీ అమ్మాయితో మాట్లాడతాను, ఈ భాగం తనతోనే చదివించండి.

అమ్మా, అన్నం మానకు. విదేశం వద్దని నేను అనడం లేదు, ఒక్క ఏడాది ఆగి వెళ్లమంటున్నాను. వెళ్లేటప్పుడు చేతిలో ఒక పని ఉండాలి. ఈ రోజే, చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి మీ ఊరి చెరువు మీద పక్షుల లెక్క మొదలుపెట్టు. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, అందులో చేరు. నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లి గూడబాతుల గూళ్లు చూడు. ఊళ్లో పెద్దవాళ్లతోనూ కూర్చుని మాట్లాడు. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని వాళ్లు చెబుతారు. పక్షినీ రైతునూ కలిపి చూడడం అక్కడే మొదలవుతుంది. విదేశీ ప్రాజెక్టులతో ఇంట్లో నుంచే పనిచేయాలంటే జూనివర్స్ అనే వెబ్‌సైట్ ఉంది, ఆఫ్రికా అడవుల్లో కెమెరాలకు చిక్కిన జంతువులను గుర్తించే పని దొరుకుతుంది. ఐక్యరాజ్యసమితి వలంటీర్ల సంస్థలో ఆన్‌లైన్ వలంటీరుగా చేరడానికి 18 ఏళ్లు నిండితే చాలు, ఒక్క పైసా కట్టనక్కర్లేదు.

అన్నిటికంటే ముందు తాబేళ్లు. చెన్నైలో 1988 నుంచి విద్యార్థులే నడుపుతున్న తాబేళ్ల సంరక్షణ బృందం ఉంది. సీజన్‌లో అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా తీరం వెంట నడిచి గూళ్లు వెతుకుతారు. నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు, నాలుగు గంటల్లో అక్కడుంటావు. మన జిల్లా తీరంలో కూడా అటవీ శాఖ హేచరీలు పెడుతుంది, పాలేల్లోని యువకులు కాపలా ఉంటారు. ఒక సీజన్ వాళ్లతో నడిచి, గూడు దొరికిన చోటు, గుడ్ల సంఖ్య, పిల్లలు వచ్చిన తేదీ నోటుబుక్కులో రాసిపెట్టు. ఆ నోటుబుక్కుతో కోస్టారికా తీరంలో పనిచేసేవాళ్లకు మెయిల్ రాస్తే, నిన్ను ఫీజు కట్టే కస్టమర్‌గా కాకుండా పని తెలిసిన మనిషిగా చూస్తారు.

ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు, అటవీ శాఖకు చెప్పకుండా గుడ్లను ముట్టుకోవద్దు. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, మంచి ఉద్దేశంతో ముట్టుకున్నా నేరమే. డిసెంబరులోనే రేంజ్ ఆఫీసుకు వెళ్లి, మీ కాలేజీ హెచ్‌ఓడీ రాసిచ్చిన ఉత్తరం ఇచ్చి అడుగు. ముదురు రంగు బట్టలు వేసుకో, టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టు. మొదటి రాత్రికి నాన్నను కూడా వెంట తీసుకెళ్లు.