దీప్తికి వైకల్యం ఎక్కడుంది?

ప్రశ్న: దీప్తి జీవంజికి కాళ్లు, చేతులు, చూపు అన్నీ బాగానే ఉన్నాయి కదా, మరి పారాలింపిక్స్‌లో ఎలా పరిగెత్తింది? మా అక్క కూతురికి చదువు ఎక్కదు, చెప్పింది నిదానంగా అర్థమవుతుంది, కానీ పరుగులో మాత్రం మగపిల్లలూ దాన్ని అందుకోలేరు. దానికీ అలాంటి అవకాశం ఉంటుందా?
– ఓ పాఠకురాలు, మహబూబాబాద్

జవాబు: ఉంటుందమ్మా. దీప్తిది టీ20 విభాగం, అంటే మేధోపరమైన వైకల్యం ఉన్న ట్రాక్ అథ్లెట్లది. "చూడ్డానికి బాగానే ఉందిగా" అనుకునే ఇలాంటి పిల్లల్ని మనం పట్టించుకోం. దీప్తి పరిగెత్తే 400 మీటర్లంటే కాళ్ల బలమొక్కటే కాదు, మొదటి 200లో ఎంత దాచుకోవాలి, పక్క లేన్ అమ్మాయి దాటేస్తే కంగారుపడకుండా ఎలా ఉండాలి, ఎక్కడ వేగం పెంచాలి, ఈ లెక్కంతా పరిగెత్తుతూనే వేసుకోవాలి. వైకల్యం అడ్డొచ్చేది అక్కడే.

వరంగల్ జిల్లా కల్లెడలో కూలి చేసుకునే ఇల్లు దీప్తి వాళ్లది. పిల్లని అనాథాశ్రమంలో వేసేయమన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ అమ్మాయే కోచ్ నాగపురి రమేష్ దగ్గర తయారై 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టింది, సెప్టెంబర్‌లో పారిస్‌లో 55.82తో కాంస్యం తెచ్చింది. మేధో వైకల్యం ఉన్న భారత క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం ఆమెదే మొదటిది.

మీ పాపకి ముందు వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో పరీక్ష చేయించండి. అంతర్జాతీయ పోటీలకు అది చాలదు, ఐక్యూ 75 లేదా అంతకు తక్కువని, రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉందని, అది చిన్నప్పటి నుంచే ఉందని సైకాలజిస్టు రిపోర్టులతో చూపించాలి. ఇంత గట్టిగా చూడటానికి కారణముంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో ఏ వైకల్యమూ లేనివాళ్లు ఎక్కువమంది ఆడి స్వర్ణం పట్టుకుపోయారు. విషయం బయటపడ్డాక మేధో వైకల్యం ఉన్నవాళ్ల పోటీలన్నీ ఎత్తేశారు, మళ్లీ పెట్టింది 2012 లండన్‌లో. పెద్దవాళ్ల మోసానికి పన్నెండేళ్లపాటు నష్టపోయింది ఈ పిల్లలు, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంకో మాట, పారాలింపిక్స్‌లో టీ20 వాళ్లకు 100, 200 మీటర్ల పరుగులు లేవు. పరుగంటే 400, 1500 మాత్రమే, కాబట్టి స్కూల్లో పీఈటీ సార్‌కి చెప్పి ఇప్పట్నుంచే 400 మీద పెట్టించండి.