మాచిపత్రి పేరున్న ఊరు

చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదానికి 40 ఏళ్లు నిండాయని ఈ శీర్షికలో రాస్తూ, ఆ రోజుల్లో నేను ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నానని మాటవరసకు అన్నాను. ఉత్తరాలు గుట్ట పడ్డాయి. ఈ పేజీలో పట్టినన్నింటికే జవాబులు.

ప్రశ్న: అంత దగ్గరలో ఉన్నారు కదా, మీకు భయం వేయలేదా? – ఒక పాఠకురాలు, ఏలూరు

భయపడాలంటే ముందు తెలియాలి కదమ్మా! 1986 ఏప్రిల్ 26 శనివారం, అర్ధరాత్రి దాటి 1 గంట 23 నిమిషాలకు నాలుగో రియాక్టరు పేలింది. అక్కడికి మా హాస్టలు సుమారు 100 కిలోమీటర్లు. శనివారం బట్టలు ఉతుక్కున్నాం, ఆదివారం నదీతీరాన తిరిగాం. సోమవారం స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకు రేడియోధార్మిక ధూళి అంటుకుని ఉందని పరికరం అరిచింది. తమ కేంద్రంలో ఏ లోపమూ లేదని వాళ్లు తేల్చుకుని, గాలి ఎటునుంచి వచ్చిందో చూశారు. ఆ సాయంత్రం గానీ మాస్కోలోని సోవియట్ ప్రభుత్వం నోరు విప్పలేదు. విప్పినా నాలుగైదు వాక్యాలే.

మే 1న కీవ్ ప్రధాన వీధి క్రెష్చాతిక్‌లో మేడే ఊరేగింపు యథావిధిగా జరిగింది. కాగితపు జెండా పట్టుకుని నేనూ నడిచాను. గాలి అప్పటికే కీవ్ వైపు తిరిగింది. తెనాలిలో మా నాన్నగారు పత్రికలో చదివి, 'వెంటనే బయలుదేరు' అని టెలిగ్రాం ఇచ్చారు. దాదాపు ఆరు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషికి తెలిసినంత నాకు తెలియదు! ఏమైందో అర్థం కాక, అమ్మకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

తరువాతి రోజుల్లో ట్యాంకర్లు పొద్దస్తమానం రోడ్లు కడుగుతూ తిరిగాయి. కిటికీలు మూయమన్నారు, గది తడిగుడ్డతో తుడవమన్నారు. హాస్టలు కాపలా ఉండే పెద్దావిడ ఎర్ర ద్రాక్షసారా తాగితే ఏమీ కాదని మాకు హితబోధ చేసేది. ఆ వైద్యం మా గదిలో కొందరు శ్రద్ధగా పాటించారు. మే నెల సగానికి బడులు మూసి పిల్లల్ని దూర ప్రాంతాలకు పంపేశారు. చెస్ట్‌నట్ చెట్లు విరగబూశాయి, కింద ఆడుకునే పిల్లలు లేరు. ఆ ఊరి గురించి ఇప్పుడు ఎవరు అడిగినా నాకు మొదట గుర్తొచ్చేది ఆ నిశ్శబ్దమే.

ప్రశ్న: మొత్తం ఎంతమంది చనిపోయారు? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు. – ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

ఆ రాత్రి ఇద్దరు. తరువాతి కొన్ని నెలల్లో తీవ్ర రేడియేషన్ జబ్బుతో 28 మంది, అగ్నిమాపక సిబ్బంది, కేంద్రం ఉద్యోగులు. ఇంతవరకు వివాదం లేదు. ఆ తరువాతే లెక్కలు విడిపోతాయి. ఎక్కువ మోతాదు తగిలినవారిలో కాలక్రమాన 4,000 మరణాల వరకు ఉండవచ్చని 2005లో ఐక్యరాజ్యసమితి సంస్థలు అంచనా కట్టాయి, అది తక్కువని వాదించేవారు చాలామంది. పదేళ్ల తరువాత వచ్చిన క్యాన్సర్ మీద ఫలానా మేఘం వల్ల వచ్చానని ముద్ర ఉండదు మరి.

ముద్ర ఉన్నది ఒక్క జబ్బుకే, పిల్లల థైరాయిడ్ క్యాన్సర్‌కు. 2005 నాటికే 6,000 పైచిలుకు కేసులు. చికిత్స ఉన్న జబ్బు కనుక చాలామంది బతికారు. శస్త్రచికిత్స చేసిన మెడ మీద అడ్డంగా ఒక గీత మిగులుతుంది, దాన్ని అక్కడ 'చెర్నోబిల్ హారం' అంటారు.

ఇది ఎలా వచ్చిందో చెబితే మీకు కడుపు మండుతుంది. గడ్డి మీద రేడియోధార్మిక అయోడిన్-131 పడింది. ఆ గడ్డిని ఆవు మేసింది, పాలు పిల్లవాడు తాగాడు, అది మెడలోని థైరాయిడ్ గ్రంథిలో చేరింది. ఎనిమిది రోజులకోసారి సగమైపోయే పదార్థం అది. రెండు మూడు నెలలు ఊరి పాలు ఆపితే చాలు. ఆ మాట పల్లెలకు వేళకు చేరలేదు.

ప్రశ్న: హిరోషిమాలో ఇప్పుడు లక్షలాది మంది ఉంటున్నారు. చెర్నోబిల్ కేంద్రం పక్కనున్న ప్రిప్యాత్ పట్టణం ఎందుకు ఖాళీగా ఉంది? – ఇంటర్ విద్యార్థి, కర్నూలు

మంచి ప్రశ్న బాబూ. హిరోషిమా బాంబులో యురేనియం సుమారు 64 కిలోలు, అందులో విచ్ఛిత్తి చెందింది ఒక కిలో లోపే. అదీ నేలకు 600 మీటర్ల ఎత్తున. చెర్నోబిల్ రియాక్టరులో ఉన్నది 190 టన్నుల ఇంధనం. పైకప్పు ఎగిరిపోయి, పది రోజులపాటు విషం చిమ్మింది. అందులోని సీజియం-137 సగం కావడానికే 30 ఏళ్లు పడుతుంది, ప్లుటోనియం-239కి 24,000 ఏళ్లు.

ప్రిప్యాత్ జనాభా దాదాపు 49,000. మూడు రోజులకు సరిపడా సామాను తీసుకోమని చెప్పి, ప్రమాదం జరిగిన ఒకటిన్నర రోజు తరువాత బస్సులెక్కించారు. ఆ మూడు రోజులు ఇంకా పూర్తి కాలేదు.

ప్రశ్న: మాకు దగ్గరలోని కొవ్వాడలో అణు కేంద్రం కడతామంటున్నారు. అదీ పేలుతుందా? – ఒక రైతు, రణస్థలం

అదే విధంగా పేలదు. చెర్నోబిల్‌లోది అణుచర్య సాగడానికి తోడ్పడే గ్రాఫైటు (పెన్సిలు ములుకులో ఉండే పదార్థం) వాడిన రియాక్టరు, చుట్టూ గట్టి కాంక్రీటు కవచం లేదు. ఆపే కడ్డీల కొసలకూ గ్రాఫైటే. బ్రేకు తొక్కితే బండి ఒక్క క్షణం ముందుకు ఉరికినట్టు, ఆపబోతే శక్తి పెరిగింది. ఆ లోపం 1983లోనే లిథువేనియాలోని ఇగ్నాలినా కేంద్రంలో బయటపడినా, నడిపేవాళ్లకు సరిగా చెప్పలేదు. 1987లో జైలుకు పంపింది మాత్రం కేంద్రంలో పనిచేసినవాళ్లనే! కొవ్వాడకు అనుకున్నది నీటితో నడిచే వేరే రకం. 2011లో ప్రమాదం జరిగిన జపాన్‌లోని ఫుకుషిమాలోవి కూడా నీటితో నడిచేవేనన్నది మీరు నన్ను అడగకముందే చెబుతున్నాను.

గ్రామసభకు అధికారులు వస్తే గోడ మందం అడగండి, తప్పులేదు. దానితోపాటు, ఏదైనా జరిగితే గంటలోపు మీ ఊళ్లో ఎవరు చెబుతారు, ఆ పూట పాలకేంద్రంలో పాలు పోయాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తారు అని కూడా అడగండి. పేరు, ఫోను నంబరు రాయించుకోండి.

ప్రశ్న: చెర్నోబిల్ అంటే మాచిపత్రి అని, అది బైబిల్లో ముందే రాసి ఉందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా? – ఒక పాఠకురాలు, గుంటూరు

సగం నిజం. ఉక్రెయిన్ భాషలో 'చోర్నోబిల్' ఒక మొక్క పేరు, మన మాచిపత్రి జాతిదే. వినాయక చవితి పత్రిలో మొదట పూజకు వచ్చేది ఇదే. బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో దేవదూత బూర ఊదగానే రాలి నీళ్లను చేదు చేసిన నక్షత్రానికి తెలుగు బైబిల్లో మాచిపత్రి అనే పేరే ఉంది. అయితే అక్కడ చెప్పినది దగ్గరి చుట్టమైన మరో చేదుమొక్క అంటారు. నేను జోస్యాలు నమ్మను. కానీ అక్కడివాళ్లు ఆ పోలికను మరిచిపోలేదు. చెర్నోబిల్ పట్టణంలో ఇనుప కడ్డీలతో చేసిన దేవదూత బొమ్మ బూర ఊదుతూ నిలబడి ఉంటుంది. దాని దగ్గర ఖాళీ అయిన ఊళ్ల పేర్లు రాసిన పలకలు వరుసగా ఉంటాయి.

ఈస్టరు తరువాతి రోజుల్లో పాత ఊళ్లవారిని సమాధుల దగ్గరకు పోనిచ్చేవారు. ప్రమాదానికి చాలా ఏళ్ల తరువాత ఒకసారి నేనూ ఒక మిత్రుడి కుటుంబంతో వెళ్లాను. మన సమాధుల పండుగలాగే శుభ్రం చేసి, రంగు గుడ్లు, రొట్టె పెట్టారు. మిత్రుడి తల్లి తమ ఇంటి గడపలో మొలిచిన ఒక మొక్క ఆకు తుంచబోయింది. కొడుకు చెయ్యి పట్టుకుని ఆపాడు. నేను వంగి చూశాను. అది మాచిపత్రి కాదు, మామూలు గడ్డి.