అయ్యగారి కోపం

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా తమ్ముడు ఫోన్‌లో రమ్మీ ఆడి అప్పులపాలయ్యాడు. మా పాస్టరుగారు వాడితో ఒక్క మాటైనా మాట్లాడకుండా, ఆదివారం ఆరాధనలో మైకు ముందు పేరు పెట్టి చెప్పి, ఆరు నెలలు ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారానికి) రావద్దన్నారు. ఇప్పుడు చూస్తే ఆయనే అదే ఆటకు చేబదుళ్లు చేశారట. పెద్దల ముందు ఒప్పుకున్నారు కూడా. తమ్ముడు ఇక గుడి గడప తొక్కనంటున్నాడు. ఆయన తీర్పుకు విలువుందా?
– ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ఉత్తరానికి మూడు రోజులు జవాబు రాయలేకపోయాను. నాదీ అలాంటి కథ ఒకటుంది.

గుణుపురం దగ్గర ఒక చిన్న సంఘంలో సేవ చేస్తున్న రోజులు. నౌపడా నుంచి ఇంకా చిన్న రైలే నడిచేది. కిరాణా కొట్లో నా బాకీ రెండు వేలు దాటింది. కొట్టాయన కంట పడకూడదని చుట్టూ తిరిగి వేరే వీధిలోంచి గుడికి వెళ్లేవాణ్ణి. ఆ నెల కానుకల లెక్కలో 140 రూపాయలు తగ్గాయి. లెక్క రాసే కుర్రాణ్ణి పట్టుకుని పెద్దల ముందే దొంగ అన్నాను. ఇంకోసారి కూడి చూద్దామన్న ముసలాయన మీదా ఎగిరాను. అది కూడికలో తప్పని తర్వాత తేలింది. ఆ 140 నా కంటికి అంత పెద్దగా ఎందుకు కనబడిందో అర్థం కావడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

బైబిల్లోని దావీదు రాజు కథ చెప్పేటప్పుడు మావాళ్లంతా, నాతాను ప్రవక్త ఆయనతో అన్న ‘ఆ మనిషివి నువ్వే’ దగ్గరికి పరుగెత్తుతారు. నేనూ అంతే. దానికి ముందు మాట చూడండి. తన సైనికుడు ఊరియాను చంపించి, అతని భార్యను తెచ్చుకుని, బిడ్డ పుట్టేదాకా రాజు నోరు మెదపలేదు. అప్పుడు నాతాను వచ్చి, పేదవాడి గొర్రెపిల్లను లాక్కుని వండించిన ధనవంతుడి సంగతి చెప్పాడు. దొంగిలించిన గొర్రెకు నాలుగు ఇచ్చుకోవాలని నిర్గమకాండం 22లో ఉంది. దావీదుకు ఆ లెక్క తెలుసు, నాలుగంతలనే అన్నాడు. కానీ దానికంటే ముందు, వాడు చావాల్సిందే అన్నాడు. గొర్రెకు మనిషి ప్రాణమా! ఆ తర్వాతి అధ్యాయంలోనే కన్నకొడుకు అమ్నోను సవతి చెల్లెలు తామారును చెరిచాడు. రాజుకు బాగా కోపం వచ్చిందని రాసుంది, శిక్షించినట్టు ఎక్కడా లేదు. ముక్కూ మొహం తెలియనివాడికి చావు, ఇంట్లోవాడికి ఏమీ లేదు. ఆ రెండూ దావీదు దాచుకున్న తప్పులోంచే వచ్చాయని నా అనుమానం.

ఇక మీ తమ్ముడి సంగతి. పాస్టరుగారు ఆడినంత మాత్రాన తమ్ముడి ఆట ఒప్పయిపోదు. వాడికి నచ్చకపోయినా ఈ మాట చెప్పండి. తీర్పు చెప్పిన పద్ధతి మాత్రం తప్పే. మత్తయి సువార్త 18వ అధ్యాయం ప్రకారం ముందు ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, సంఘానికి చెప్పేది ఆ తర్వాతే. ఒంటరిగా కూర్చుంటే ‘ఎంత పోయింది? రాత్రి ఎన్నింటిదాకా ఆడతావు?’ అని అడగాల్సి వచ్చేది. ఆయన నోట ఆ ప్రశ్నలు ఎలా వస్తాయి? మైకు ముందు కేకలెయ్యడం తేలిక.

రిటైరయ్యాక ఆ లెక్కల కుర్రాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ‘ఎక్కడ తప్పిందో నాకు ఆ రాత్రే తెలిసింది అయ్యగారూ, మీరు అడగలేదు’ అన్నాడు. వాళ్లావిడ టీ ఇచ్చింది, తాగాను.

ఆ ఆరు నెలల నిర్ణయాన్ని పాస్టరుగారు లేకుండా మళ్లీ చూడమని పెద్దలను అడగండి. ఆయన విషయమూ వాళ్లే తేల్చాలి, వీధి అరుగుల మీద వద్దు. తమ్ముణ్ణి గుడికి రమ్మని ఇప్పుడే పోరు పెట్టకండి. ముందు ఆ యాప్ తీసేయించి, ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో వాడి చేతే ఒక కాగితం మీద రాయించండి. మొత్తం చూసి కేకలెయ్యకండి.