‘గుండమ్మ కథ’లో ఏ జంట బాగుంటుంది?

రామారావు, సావిత్రి జంటా, నాగేశ్వరరావు, జమున జంటా అని అడిగారు. నా ఓటు రామారావు, సావిత్రికే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మా అమ్మమ్మది దుగ్గిరాల. జమున పెరిగిన ఊరు. ఆ ఇంట్లో జమునను కాదని మరొకరిని మెచ్చుకోవడం కష్టం. సావిత్రిదీ దగ్గరలోని చిర్రావూరేనని నేను వాదిస్తే, ‘అది మన ఊరా?’ అనేది.

ఒక వేసవి మధ్యాహ్నం టీవీలో ఈ సినిమా వచ్చింది. అమ్మమ్మ చింతపండు పిక్కలు తీస్తూ చూస్తోంది. అంజి వేషంలో ఉన్న రామారావు రుబ్బురోలు దగ్గర చేరి ‘లేచింది నిద్ర లేచింది మహిళాలోకం’ అని ఎత్తుకోగానే ఆమె చేతులు ఆగిపోయాయి. కాసేపటికి కుడిచెయ్యి మోకాలి మీద గుండ్రంగా తిరగడం మొదలైంది, పొత్రం పట్టుకున్నట్టే. అత్తగారింట్లో పద్నాలుగు మందికి పిండి రుబ్బిన చెయ్యి అది. ‘నీకు జమున కదా ఇష్టం?’ అన్నాను. ‘జమున ఇష్టమే. కానీ పనిలో చెయ్యి వేసినవాణ్ణి మేమెవ్వరం చూడలేదే’ అంది.

1962లో వచ్చిన సినిమాలో, అదీ అంత పెద్ద హీరో, రోలు దగ్గర కూర్చోవడం చిన్న విషయం కాదు. అయినా ఈ సినిమా అనగానే అందరూ గుండమ్మగా సూర్యకాంతం గయ్యాళితనం గురించే మాట్లాడతారు. కన్నడ సినిమాకు రీమేకే కదా అని తీసిపారేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కథ ఎక్కడిదైతేనేం, పింగళి పాటా ఘంటసాల బాణీ మనవి కావా?

నాగేశ్వరరావు, జమున చూడముచ్చటగా ఉంటారు, కాదనను. తెర మీద వాళ్ళ మీద నుంచి చూపు తిప్పుకోలేం. కానీ నాగేశ్వరరావు వేసిన రాజా పెళ్ళయ్యాక పేదవాడిలా నటించి, భార్య సరోజకు (జమున) బుద్ధి రావాలని తోటపనికి తీసుకెళతాడు. భార్య పొగరు అణచడాన్ని ప్రేమ అనడానికి నాకు మనసొప్పదు. అంజి కూడా తానెవరో దాచాడు కదా అంటారు. దాచాడు, కానీ ఆ ఇంట్లో గొడ్డుచాకిరీ చేస్తున్న లక్ష్మి (సావిత్రి) బరువు కొంత తన మీద వేసుకున్నాడు.

ఈసారి ఆ రుబ్బురోలు పాట వచ్చినప్పుడు రామారావును వదిలేసి సావిత్రి ముఖమే చూడండి.