పోటీకి కోసేసిన పేరా

అమ్మా,

నీ కవరు పోయిన వారం అందింది. నీది మా మనవరాలి వయసు కాబట్టి చనువుగా ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. ఒకే కథను రెండు రూపాల్లో పంపి ఏది బాగుందో చెప్పమన్నావు. మొదటిది వేసవిలో నీకు నువ్వుగా రాసుకున్నది. రెండోది, రెండు రోజుల కథా శిబిరానికి వెళ్లివచ్చాక, ‘మానవ సంబంధాలు’ అనే అంశం మీద పెట్టిన పోటీ కోసం 1200 పదాలకు కుదించినది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. కోపం వచ్చింది. అది నీ మీద కాదని రాస్తే అబద్ధమవుతుంది. కొంత నీ మీద కూడా.

మొదటి రూపంలో మూడో పేజీలో ఒక పేరా ఉంది. చివరికి వృద్ధాశ్రమం చేరే తండ్రి కండక్టరుగా పనిచేసే రోజుల నాటిది అది. రాత్రి బస్సు ఊళ్లోనే ఆగుతుంది కాబట్టి ఆయన డబ్బు సంచి ఇంటికి తెచ్చుకుంటాడు. వసారాలో తువ్వాలు పరిచి నోట్లు ఒకవైపు, చిల్లర ఒకవైపు పేర్చి, టికెట్ల లెక్క రాసే వే బిల్లుతో సరిచూసుకుంటాడు. రెండు రూపాయల ముప్పావలా తక్కువ. మళ్లీ లెక్కపెడతాడు. తల్లి ఏమీ అడగదు. లోపలికి వెళ్లి పోపుల డబ్బాలోంచి చిల్లర తెచ్చి తువ్వాలు అంచున పెట్టి వెళ్లిపోతుంది. ఆయన తలెత్తి చూడడు, తీసి సంచిలో వేసుకుంటాడు. నిద్ర నటిస్తున్న పిల్ల ఇదంతా చూస్తుంది. ఈ పేరా నేను మూడుసార్లు చదివాను. మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను కూడా.

రెండో రూపంలో ఆ పేరా లేదు. దాని స్థానంలో వృద్ధాశ్రమం నిర్వాహకుడి ఉపన్యాసం ఉంది. తల్లిదండ్రులను ఇలా వదిలేసే కొడుకులు ఆలోచించుకోవాలని ఆయన చెబుతాడు, కొడుకు ఏడుస్తాడు, తండ్రిని కారెక్కించుకుని ఇంటికి తీసుకుపోతాడు. ఎందుకు తీసేశావో నీ ఉత్తరంలోనే రాశావు: ఆ పేరా కథను ముందుకు నడపడం లేదని శిబిరంలో చెప్పారనీ, పదాలు కూడా ఎక్కువయ్యాయనీ. అద్దె ఇంటి గదిలో పట్టడం లేదని సొంత మంచం కోళ్లు కోసుకున్నట్టుంది నీ పని.

నేను ఇన్నేళ్లుగా నమ్మేది ఒకటుంది. కథ ముందు పూర్తికావాలి, పోటీ ప్రకటన తర్వాత చదవాలి. ఈ వరుస తిరగబడితే కథ బతకదు. అంశం, పదాల పరిమితి, గడువు తేదీ ఇవన్నీ నిర్వాహకుల అవసరాలు. వాళ్లకు పత్రికలో పేజీలు ఇన్నే ఉంటాయి, సభ ఫలానా తేదీకే జరగాలి, చందా ఇచ్చిన దాతకు ఫలానా విషయం ఇష్టం. ఆ అవసరాలు తప్పు కావు. వాటిని తెచ్చి నీ కండక్టరు నెత్తిన పెట్టడం తప్పు. పరిమితికి కోయడం మొదలుపెట్టినప్పుడు చెయ్యి ముందు దేనిమీదకు పోతుందో తెలుసా? కథకు నేరుగా పనికిరానట్టు కనిపించేవాటి మీదకు. పోపుల డబ్బా, తలెత్తని తండ్రి అలాంటివే. ‘సందేశం’ మాత్రం ఎవరూ కోయరు, దానికే మార్కులు పడతాయని భయం.

మార్కుల సంగతి నీకు తెలియాలి. నేను కొన్ని పోటీలకు తొలి వడపోతలోనూ, మరికొన్నింటికి న్యాయనిర్ణేతగానూ కూర్చున్నాను. కథలు వస్తాయి, పేర్లు తీసేసి అంకెలు వేస్తారు. వడపోతలో చాలాభాగం పోతాయి. మిగిలినవి ముగ్గురికి పంపితే ముగ్గురూ నూటికి ఇన్నని వేస్తారు. మూడూ కూడి మూడుతో భాగిస్తారు. ఒక కథకు 90, 85, 35 వచ్చాయనుకో, సగటు 70. ఇంకో కథకు ముగ్గురూ 72 వేశారనుకో, సగటు 72. రెండోదే గెలుస్తుంది. మొదటి కథ ఇద్దరిని కదిలించింది, ఒకరికి కోపం తెప్పించింది. ఆ కోపమే దాన్ని ఓడించింది. ఎవరినీ ఇబ్బంది పెట్టని కథకు బహుమతి రావడానికి కుట్రలు, పైరవీలు అక్కర్లేదు, ఈ కూడిక, భాగహారం చాలు. ఒకసారి నేను ఈ లెక్కకు ఒప్పుకోలేదు. భర్త చనిపోయిన నెలకే పొలం పనికి వెళ్లి నవ్వుతూ మాట్లాడిన ఒక ఆడమనిషి కథ కోసం పట్టుబట్టాను. “ఇది అందరి ఇళ్లకూ వెళ్లే పత్రిక మాస్టారూ” అన్నారు నిర్వాహకులు. ఆ మాట నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. బహుమతి రాకపోయినా పత్రికలో వేసుకోవడానికి తీసుకునే సాధారణ ప్రచురణకు కూడా ఆ కథ నోచుకోలేదు. రాసిన అమ్మాయి ఆ తర్వాత రాసినట్టు నేను ఎక్కడా చూడలేదు.

‘మరి గొప్ప రచనలు పోటీల్లోంచి రాలేదా’ అని నువ్వు అడగొచ్చు. వచ్చాయి. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ పెడితే విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’ రెండింటికీ కలిపి బహుమతి పంచారు. విశ్వనాథ వారు అంత పెద్ద నవలనూ నెల తిరగకుండా ఆశువుగా చెప్పి రాయించారని అంటారు. శిబిరాల వాళ్లు ఈ కథ చెప్పి ‘గడువు ఉంటేనే రచన పుడుతుంది’ అంటున్నారని విన్నాను. ఆ వాదం చెల్లదు. నెలలో చెప్పింది నెలలో పుట్టలేదు. ఆ ఊళ్లు, ఆ మనుషులు, కూలిపోతున్న ఆ వ్యవస్థ మీద ఆయన పడిన వేదన ఏళ్లకేళ్లు లోపల ఉండబట్టే నోరు తెరవగానే వచ్చింది. ప్రకటన ఒక సందర్భం మాత్రమే.

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’కు రెండో బహుమతి వచ్చింది. జీవితాన్ని నియమాలతో చక్కగా సర్దుకున్న ఒక పెద్దమనిషినీ, రైల్లో అడుక్కునే ఒక ఆడమనిషినీ ఒక తుపాను రాత్రి ఒకచోట చేర్చిన కథ. ఆ అడుక్కునే మనిషి మంచిదా చెడ్డదా అని తేల్చమంటే ఇప్పటికీ నాకు చేతకాదు. ‘మానవ సంబంధాలు, 1200 పదాలు, సందేశాత్మకంగా ఉండాలి’ అనే చట్రంలోకి దాన్ని తోసి చూడు, ఏం మిగులుతుందో. మన కాలంలోనే బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ 2017లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొంది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దాకా వెళ్లింది. అనంతపురం నేల చరిత్రను తవ్వి తీసిన పుస్తకం అది. ఏ శిబిరమూ రెండు రోజుల్లో నేర్పే విద్య కాదు.

నా సంగతి కొంచెం చెబుతాను. జిల్లా పరిషత్ బడిలో తెలుగు పంతులుగా ఉన్న రోజుల్లో అరఠావుల మీద ఒకవైపే రాసి, కార్బన్ పెట్టి నకలు తీసుకుని వారపత్రికలకు పంపేవాణ్ని. తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేయాలని నిబంధన. నా చేతిరాతతో నా పేరే ఉన్న ఆ కవరు పోస్ట్‌మాన్ సంచిలోంచి బయటికి రాగానే, విప్పకుండానే సంగతి తెలిసేది. ఆ రోజు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడేవారు కాదు. ఎన్నాళ్లకో దీపావళి కథల పోటీలో ఒక బహుమతి వచ్చింది. కరువులో ఎద్దును అమ్ముకున్న రైతు సంతనుంచి పలుపుతాడు ఒక్కటే ఇంటికి తెచ్చుకోవడం కథ. సంచిక తెరిచి చూద్దును కదా, చివర నేను రాయని నాలుగు వాక్యాలున్నాయి. రైతు ఆకాశం కేసి చూసి, వచ్చే ఏడు వానలు పడతాయని ధైర్యం తెచ్చుకుని, తాడును దండెం మీద ఆరేస్తాడట! సంపాదకుడికి ఉత్తరం రాశాను. “పాఠకుడికి ఆశ మిగల్చాలి” అని ఒక్క వాక్యం జవాబు. ఊళ్లో సన్మానం జరిగింది, సభలో వక్తలందరూ ఆ నాలుగు వాక్యాలనే చదివి మెచ్చుకున్నారు. ఆ సంపాదకుణ్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. తర్వాత వేసుకున్న నా సంపుటిలో ఆ నాలుగూ కొట్టేసి కథను కథగా అచ్చువేయించుకున్నాను. నా కథకు పరాయివాడు చేసిన పనిని నీ కథకు నువ్వే చేసుకున్నావు. నా కోపానికి అసలు కారణం అది.

ఇక శిబిరాలు. ఎత్తుగడ, సంఘర్షణ, కొసమెరుపు అని పలక మీద గీసి చూపించి, మర్నాడు సాయంత్రానికి కథ రాయించి, ధ్రువపత్రం చేతికిచ్చి పంపే శిబిరం వల్ల కొత్త పరిచయాలు అవుతాయి, భోజనం బాగుంటుంది. ఇంకేమీ జరగదు. కొసమెరుపు మోజు మన కథకు చేసిన చెరుపు అంతా ఇంతా కాదు. చివరి వాక్యంలో పాఠకుణ్ని ఉలిక్కిపడేలా చేయాలని పేజీలకు పేజీలు నిజం దాచిపెట్టి రాస్తారు. పాఠకుణ్ని నమ్మనివాడు రాసే కథ అది.

పనికొచ్చే సమావేశాలు లేకపోలేదు. మా పట్నంలో నెలకో ఆదివారం మునిసిపల్ హైస్కూలు వరండాలో కలిసేవాళ్లం. ఎవరో ఒకరు కథ చదవాలి. చదివినవాడు ఆ తర్వాత నోరు విప్పకూడదు, వివరణ ఇవ్వకూడదు. ఒక పెద్దాయన ఉండేవారు, తాలూకాఫీసులో గుమాస్తా, తాను కథలు రాయరు. ఎవరు ఏ కథ చదివినా ఆయన అడిగేది ఒకటే: “ఇతనికి నెలకు ఎంత వస్తుంది?” నవ్వేవాళ్లు మొదట. అద్దె ఎంత, అప్పు ఎవరి దగ్గర, పిల్ల ఫీజు ఎప్పుడు కట్టాలి అని అందులోంచే ప్రశ్నలు పుట్టుకొచ్చేవి. సమాధానం కథలో ఉండనక్కర్లేదు, రాసినవాడికి తెలిసి ఉండాలి. నీ కండక్టరు సంపాదన ఎంతో నీకు తెలుసు, ఎంత తక్కువ పడిందో పైసలతో సహా తెలుసు. కాబట్టే ఆ పేరా ఉంది. రెండో రూపంలో కొడుకు ఏ ఉద్యోగం చేస్తాడో, ఆ కారుకు నెలకు ఎంత కడతాడో నీకు తెలియదు.

శిబిరానికి కట్టిన డబ్బు గురించి బాధపడకు. ఈసారి అంత డబ్బు చేతిలో ఉంటే శ్రీకాకుళం బస్సెక్కు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో అక్కడ కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలని ఆయన పంతంగా ఉండేది. పాత పత్రికల దీపావళి, ఉగాది సంచికలు ముందేసుకుని, బహుమతి కథ చదువు. దాని పక్కనే సాధారణ ప్రచురణకు తీసుకున్న కథ కూడా చదువు. నాలుగు రోజులు ఆ పని చెయ్యి. బహుమతి అనే మాట మీద నీకున్న భయభక్తులు వాటంతట అవే తగ్గుతాయి.

పోటీలకు పంపవద్దని నేను అనడం లేదు. పంపు. పూర్తయిన కథ చేతిలో ఉంటే, నిబంధనలు దానికి సరిపోయే చోటికి పంపు, సరిపోకపోతే మానెయ్యి. ప్రవేశ రుసుము అడిగేచోటికి పంపవద్దు. బహుమతి కథలతో సంకలనం వేసి, రచయితలే ఇన్ని ప్రతులు కొనాలని షరతు పెట్టేవాళ్ల గడప తొక్కవద్దు. హామీపత్రంలో ‘ఇది నా సొంత రచన, అనువాదమూ అనుకరణా కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు’ అనేంతవరకు సంతకం పెట్టు. ‘సర్వహక్కులూ నిర్వాహకులవే’ అనే వాక్యం కనిపిస్తే అక్కడ ఆగు. ఇప్పుడు ఆడియో అంటున్నారు, వెబ్ సిరీస్ అంటున్నారు. ఒక ప్రశంసాపత్రానికి నీ కథ మీద జీవితకాలపు హక్కు రాసి ఇచ్చేయకు. అన్నట్టు, ఒకేసారి రెండు పోటీలకు రెండు రూపాలు పంపే ఆలోచన ఉన్నట్టు నీ ఉత్తరంలో వాసన తగిలింది. వద్దు.

కలం పేరు గురించీ, ముందుమాట గురించీ, ఇంకా ఏవేవో అడిగావు. ఒక్క కథతో వాటి అవసరమేముంది?

రెండో రూపాన్ని పక్కన పడెయ్యి. మొదటి దాంట్లోనూ చివరి పేజీ బలహీనంగా ఉంది, తండ్రి వృద్ధాశ్రమానికి ఎవరి మాట మీద వెళ్లాడో నువ్వు తప్పించుకున్నావు. కొడుకు పంపాడని సులువుగా అనేశావు. ఆ తండ్రి లెక్క తక్కువ పడితే ఎవరినీ అడగని మనిషి. అలాంటి మనిషి తనంతట తానే వెళ్లి ఉండవచ్చు కదా, ఆలోచించు. మీ నాన్నగారితో బస్సుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా రిటైరై ఊళ్లో ఉంటే వెళ్లి కూర్చుని మాట్లాడు. పుస్తకం, కలం తీసుకెళ్లకు. మాట్లాడరు.

ఈ నెలాఖరు గడువును మరిచిపో. నాకు వచ్చే వారం కంటి ఆపరేషను ఉంది, సంక్రాంతి దాకా చదవడానికి వీల్లేదన్నారు. పండగ వెళ్లాక పంపు. ప్రింటు కొంచెం పెద్ద అక్షరాల్లో తీయించు, పేజీకి ఒకవైపే.

ఆశీస్సులతో,
మాస్టారు