గాల్వెస్టన్‌లో లఫీట్ నిధి ఉందా?

ప్రశ్న: మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. కాకినాడ నుంచి అత్తయ్య, మావయ్య వచ్చారు. శనివారం గాల్వెస్టన్ వెళ్దామనుకుంటున్నాం. జీన్ లఫీట్ అనే సముద్రపు దొంగ అక్కడ నిధి పాతిపెట్టాడని స్కూల్లో విన్నాడట, ఐదో క్లాసు చదివే మా బాబు పార కొనమని ఒకటే గొడవ. ఆ దొంగ ఇల్లు ఇంకా ఉందా? నిధి మాట నిజమేనా?
– ఒక పాఠకురాలు, కేటీ

జవాబు: పార కొనివ్వండమ్మా, ఇసుక గూళ్లు కట్టుకుంటాడు. నిధి దొరికిందనడానికి మాత్రం నమ్మదగ్గ ఆధారం ఏదీ లేదు.

మనిషి మాత్రం నిజం. 1815 న్యూ ఆర్లియన్స్ యుద్ధంలో అమెరికా పక్షాన పోరాడి క్షమాభిక్ష పొందాడు. రెండేళ్లకే పాత దందాకు దిగి, 1817లో గాల్వెస్టన్ దీవిలో కాంపేచీ అనే ఊరు కట్టాడు. 1821లో అమెరికా నౌకాదళం ఖాళీ చేయమంటే, ఊరికి నిప్పుపెట్టి వెళ్లిపోయాడు.

ఇల్లున్న చోటని చెప్పేది బీచ్ వైపు కాదు, వెనక హార్బర్ వైపు, 14వ వీధి దగ్గర. ఎర్రరంగు వేసిన ఆ ఇంటిని మేజోన్ రూజ్ అనేవారు. ఇప్పుడు కనిపించే మొండిగోడలు తర్వాతి కాలంలో కట్టినవాటివి. లఫీట్ చేయి తగిలిన గోడ కోసమైతే వెతకొద్దు.

అతను తిరిగిన నేల కూడా చాలాచోట్ల పైకి లేదు. 1900 సెప్టెంబర్ తుఫానులో ఇక్కడ 6,000 నుంచి 8,000 మంది పోయారు. దివిసీమ ఉప్పెన చూసిన వయసు కదా, మీ మావయ్యగారికి వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత అలల్ని ఆపడానికి 17 అడుగుల ఎత్తున సీవాల్ అనే గోడ కట్టారు. ఇళ్లనూ, చర్చినీ జాకీలతో పైకెత్తి, కింద ఇసుక పంపు చేసి ఊరినే ఎత్తు పెంచారు. బాబు పార అంత లోతుకు పోదు!

నేను వచ్చిన కొత్తలో ఇప్పటి ప్లెజర్ పియర్ చోట, సముద్రంలో స్తంభాల మీద ఫ్లాగ్‌షిప్ హోటల్ ఉండేది. 2008లో ఐక్ తుఫాను దాన్ని పాడుచేసింది. 2012లో అదే చోట జెయింట్ వీలూ రోలర్ కోస్టరూ వచ్చాయి. పిల్లలకు బాగుంటుంది గానీ, నాకు ఆ పాత హోటలే ఇష్టం.

షాపుల్లో కంటికి నల్లగుడ్డ కట్టిన బొమ్మల టీషర్టులు అమ్ముతారు. వాటిమీద రాయని సంగతొకటుంది. లఫీట్‌కు బాగా డబ్బు తెచ్చిన సరుకు మనుషులు. 1808 నుంచి విదేశాల నుంచి బానిసల్ని తేవడం అమెరికాలో నిషేధం. ఇతని మనుషులు స్పెయిన్ ఓడల్ని పట్టుకుని, అందులోని ఆఫ్రికన్లను ఇక్కడికి దించి దొంగచాటుగా అమ్మేవారు. టెక్సస్ స్వాతంత్ర్య పోరులో అలమో కోట దగ్గర చనిపోయిన జిమ్ బౌవీ, అతని అన్నదమ్ములు ఈ దీవిలోనే కొనుక్కెళ్లేవారు. బాబు ఐదో క్లాసు కదా, చెప్పండి, అర్థమవుతుంది.

మేజోన్ రూజ్ నుంచి కొన్ని వీధులు దాటితే స్ట్రాండ్, 22వ వీధి మూల. టెక్సస్‌లో బానిసలంతా స్వేచ్ఛాపరులని 1865 జూన్ 19న ప్రకటించింది ఈ ఊళ్లోనే. జూన్‌టీన్త్ సెలవు అందుకే. ఆ మూల గోడ మీద 2021లో పెద్ద చిత్రం వేశారు. టైం చాలకపోతే బీచ్ తగ్గించుకోండి గానీ, ఇది వదలకండి.

అత్తయ్యగారు నీళ్లు గోధుమరంగులో ఉన్నాయని పెదవి విరుస్తారేమో. నదులు తెచ్చే ఒండ్రు వల్ల వచ్చిన రంగది, మురికి కాదు. కాకినాడావిడకు ఒండ్రు కొత్తా! అవతలి ఒడ్డుకు కార్లతో సహా తీసుకెళ్లే బోలివర్ ఫెర్రీ ఎక్కించండి, టికెట్ లేదు, డాల్ఫిన్లు కనిపిస్తుంటాయి. శనివారం మధ్యాహ్నమైతే కార్ల క్యూ ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి.