ఉద్దానంలో ఎలుగుల మీద పని చేస్తానన్న అమ్మాయికి

తల్లీ,

ఎమ్మెస్సీ జువాలజీ అయిపోయింది, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఎలుగుబంట్ల మీద పని చేస్తాను, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగావు. కెమెరాలు, జీపీఎస్ సంగతి తర్వాత. ముందు మందస, వజ్రపుకొత్తూరు వైపు ఏదో ఒక ఊళ్లో జీడి సీజన్ మొత్తం ఉండు. పిక్కలు ఏరడానికి తోటకి వెళ్లే ఆడవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల వెంట వెళ్లు. ఎలుగు ఏ పుట్ట తవ్వింది, ఏ పనస చెట్టు కిందకి వస్తోంది, పగలు ఏ తుప్పల్లో పడుకుంటోంది, ఇవన్నీ వాళ్లు చెబుతారు, ఎందుకంటే రోజూ ఆ దారినే నడవాలి కాబట్టి.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒక మనిషి చనిపోయాడు, ఇంకొందరు గాయపడ్డారు, పట్టుకున్నాక ఆ ఎలుగూ బతకలేదు. అలాంటి చోటికి వెళ్లి మొదటి మాటే ‘ఎలుగుని కాపాడాలి’ అంటే ఎవరికైనా కడుపు మండుతుంది. దానికి వాసన బాగా తెలుస్తుంది, చూపు తక్కువ, మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీద పడుతుంది అని నువ్వు చదువుకున్నావు కదా, ఆ చదువు వాళ్లకి ఎలా పనికొస్తుందో వాళ్లతోనే కూర్చుని ఆలోచించు. గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి, బాగా తెల్లారాక బయల్దేరండి అంటావు. ఆలస్యమైతే ఎండకి పని సాగదమ్మా అంటారు. ఆ మాట కూడా నీ నోట్‌బుక్‌లో ఎక్కాలి.

ఎలుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, అంటే చట్టం గట్టి రక్షణ ఇచ్చినది, అటవీ శాఖ అనుమతి లేకుండా ఏ పనీ మొదలుపెట్టకు. దాంతో సరిపోదు, ఊరినీ అడగాలి. ఆడవాళ్లు బహిర్భూమికి వెళ్లే దారిలో కెమెరా బిగించావో, ఇక నీతో ఎవరూ మాట్లాడరు.

టెక్కలి దగ్గర తేలినీలాపురం కూడా చూసిరా. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తే పురుటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు అక్కడ. కానీ అదే ప్రేమ ఎలుగు మీద ఆశించకు. కొంగ మనిషి మీద పడదు. ఉద్దానంలో ఎలుగుకి ఓర్పు దొరికితే చాలు, అదీ నష్టపరిహారం చేతికి అందితేనే.

డెహ్రాడూన్‌లోనో బెంగళూరులోనో వైల్డ్‌లైఫ్ కోర్సు చేస్తానంటే చెయ్యి, స్టాటిస్టిక్స్, మ్యాపులు గట్టిగా పట్టుబడతాయి. నీ లెక్కలు తేలాక మాత్రం జర్నల్‌కి పంపే ముందే ఆ ఊరి రచ్చబండ దగ్గర తెలుగులో చెప్పు, తప్పులుంటే వాళ్లే దిద్దుతారు.

జీడి పూత వచ్చేలోపు గది చూసుకో. పరిహారం దరఖాస్తు ఎలా రాయాలో, ఏ కాగితాలు జతచేయాలో అటవీ శాఖ రేంజి ఆఫీసులో కనుక్కుని మరీ వెళ్లు, వెళ్లిన వారంలోనే ఎవరో ఒకరు అడుగుతారు.